అలవాటైపోతుందిలే అనకండి



మన రూముల్లో, సైట్ల మీద ఎక్కువగా వినపడే మాట ఒకటుంది: "అలవాటైపోతుందిలే." రాత్రంతా సీలింగ్ పైన ఏదో గోకుతున్నా అదే మాట. పగలంతా చెవి పక్కన జాక్‌హామర్ మోగుతున్నా అదే మాట. రెండు చోట్లా ఆ మాట మనకు నష్టమే.

ముందు ఇంటి సంగతి. ఊళ్లో బల్లి అరిస్తే శకునం చూసుకుంటాం, ఎలుక వస్తే బోను పెడతాం. ఇక్కడ గోడల్లో ఎలుకలు, అటక మీద ఉడుతలు, రకూన్లు. రకూన్ వసంతకాలంలో పిల్లల్ని పెడుతుంది. అప్పుడు మనమే కంత మూసేస్తే పిల్లలు లోపల చిక్కుకుంటాయి, తల్లి కప్పు పీకి మరీ వస్తుంది. పట్టి దూరంగా వదిలేద్దామన్నా ఒంటారియో చట్టం ప్రకారం 1 కిలోమీటరు దాటించకూడదు. కాబట్టి అది మన పని కాదు, ఓనర్ పని. ఫోటో తీసి, తేదీ వేసి, మెసేజ్ పెట్టండి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు. పట్టించుకోకపోతే టొరంటో, బ్రాంప్టన్‌లలో 311కి ఫోన్ చేయండి. కోపంతో అద్దె మాత్రం ఆపకండి, ఖాళీ చేయించడానికి అదే సాకు అవుతుంది.

గబ్బిలం విషయంలో ఇంకా జాగ్రత్త. 2024లో ఒంటారియోలో ఒక బిడ్డ రేబిస్‌తో చనిపోయింది. పడుకున్న గదిలో గబ్బిలం కనపడింది, కానీ ఒంటి మీద గాటు కనపడలేదని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లలేదు. మీరు నిద్రపోయిన గదిలో గబ్బిలం ఉంటే, గాటు లేకపోయినా అదే రోజు డాక్టర్‌ని గానీ పబ్లిక్ హెల్త్ వాళ్లని గానీ అడగండి. ఏ జంతువు కరిచినా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే వెళ్లండి.

ఇక సైట్ సంగతి. ఎలుక చప్పుడుకు లేచి కూర్చునేవాళ్లం, కాంక్రీట్ రంపం చప్పుడును లెక్కచేయం. మొదట్లో సాయంత్రం చెవులు గుయ్యిమంటాయి. కొన్నాళ్లకు అంత బాధ అనిపించదు. అలవాటైంది అనుకుంటాం. చాలాసార్లు అది అలవాటు కాదు, వినికిడి తగ్గడం. లోపలి చెవిలో చచ్చిపోయిన కణాలు మళ్లీ పుట్టవు.

2016 జూలై 1 నుంచి ఒంటారియోలో నిర్మాణ సైట్లకు కూడా శబ్దం రూల్ ఉంది. 8 గంటల పనికి సగటున 85 డెసిబెల్స్ మించకూడదు. పైన ప్రతి 3 డెసిబెల్స్‌కు టైమ్ సగం అవుతుంది: 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 100 అయితే 15 నిమిషాలే. జాక్‌హామర్ దగ్గర 100 దాటడం మామూలే. మీటర్ అక్కర్లేదు, చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే చప్పుడు ఎక్కువైనట్టే.

ఇయర్ ప్లగ్ పైపైన పెట్టుకుంటే లాభం లేదు. వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి, లోపలికి పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోండి. చప్పుడును మించి ఫోన్‌లో పాటలు పెట్టుకోవడం రెండింతల దెబ్బ.

నేను సూపర్‌వైజర్‌ని, అందుకే గట్టిగా చెబుతున్నా. ప్లగ్ అడిగినవాడు పనిదొంగ కాదు. ఇవ్వడం, వాడడం నేర్పించడం యజమాని బాధ్యత. అడిగినందుకు శిక్షించడం చట్టరీత్యా నేరం. ఎవరూ వినకపోతే ఒంటారియో కార్మిక శాఖ నంబరు 1-877-202-0008, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. పని వల్ల చెవుడు వస్తే డబ్ల్యూఎస్ఐబీలో క్లెయిమ్ వేయొచ్చు. వేరే ప్రావిన్సుల్లో ఉన్నవాళ్లు అక్కడి రూల్స్ కనుక్కోండి.

ఇంట్లో నిద్ర చెడితే మర్నాడు నిచ్చెన ఎక్కేది మనమే. చెవి పోతే వెనకనుంచి వచ్చే ట్రక్ బీప్ వినపడనిదీ మనకే. అందుకే ఈ రాత్రి ఓనర్‌కు మెసేజ్ పెట్టండి, రేపు పొద్దున ఫోర్‌మన్‌ను ప్లగ్ అడగండి. ఊరికి ఫోన్ చేసినప్పుడు అమ్మ గొంతు ఇంకో ముప్పై ఏళ్లయినా చక్కగా వినపడాలి మనకి.