అమృతవిలాస్‌కి చందమామ ఎందుకు?
ద్వితీయ బి.ఎస్సీ. విద్యార్థి

ఆగిపోయిన టీవీ సీరియల్‌ని తక్కువ డబ్బుతో సినిమాగా తియ్యవచ్చునా? నిక్షేపంలా తియ్యవచ్చును. అయితే ఆ కాస్త డబ్బూ దేనిమీద ఖర్చు పెట్టాలన్నదే ప్రశ్న. 2014లో వచ్చిన ‘చందమామలో అమృతం’ చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే: డబ్బు ఆకాశానికి పోయింది, వంటింటికి రాలేదు.

గుణ్ణం గంగరాజుగారి ‘అమృతం’ 2001 నవంబరులో జెమినీ టీవీలో మొదలై 2007 నవంబరులో ఆగింది. మొత్తం 313 భాగాలు. అప్పటికి నాకింకా మాటలు సరిగా రాలేదు. అయినా యూట్యూబు పుణ్యమా అని తరవాత చూశాను. కొబ్బరి ధర పడిపోయిన రోజున కూడా మా నాన్నగారు నవ్వేది దానికే. ఎందుకంటారా? అమృతరావు, ఆంజనేయులు నడిపేది నష్టాల హోటలు. ప్రతివారం ఏదో ఒక ఉపాయం, ప్రతివారం బోర్లాపడడం, పైగా అద్దె కోసం అప్పాజీ. పెట్టుబడి పెట్టి చేతులు కాల్చుకున్న రైతుకి అది పరాయి కథ కాదు.

సినిమా చేసిందేమిటి? ఆ హోటలుని చంద్రుడి మీదికి తీసుకుపోయింది. అక్కడ గురుత్వాకర్షణ భూమ్మీద దాంట్లో ఆరోవంతు. అదే వేగంతో ఎగరేసిన దోసె తిరిగి పెనం మీద పడడానికి ఆరురెట్లు సమయం పడుతుంది. సైన్సు విద్యార్థిగా నాకిది సరదాయే. మా నాన్నగారికి మాత్రం అక్కడ తెలిసిన వీధి ఒక్కటీ కనపడలేదు.

మనుషులూ మారారు. సీరియల్లోనూ అమృతరావు ముగ్గురు మారాడు కదా అంటారేమో. శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ – నిజమే. కాని ఆంజనేయులుగా గుండు హనుమంతరావుగారు పక్కనే ఉన్నారు. మంచానికి ఒక కోడు మారిస్తే పరవాలేదు. సినిమాలో అవసరాల శ్రీనివాస్, హరీష్ – ఇద్దరూ కొత్తవాళ్ళు. అప్పాజీ శివన్నారాయణ, సర్వం వాసు ఇంటూరి పాతవాళ్ళే అయినా ఆ బరువు వాళ్ళు మోయలేకపోయారు. సినిమా ఆడలేదు.

సరిగ్గా అదే ఏడు అమెరికాలో ‘వెరోనికా మార్స్’ సినిమాగా వచ్చింది. 2007లో ఆపేసిన సీరియల్ అది. 2013లో 91,585 మంది ప్రేక్షకులు చందాలు వేసుకుని 57 లక్షల డాలర్లు పోగుచేశారు! అదే కథానాయిక, అదే ఊరు. అంతకుముందు ‘ఫైర్‌ఫ్లై’ 2002లో ఆగిపోతే 2005లో పాత నటులతోనే ‘సెరినిటీ’ తీశారు. చందా వేసినవాడు అడిగింది కొత్త లోకాన్ని కాదండీ, తనకి పరిచయమైన మొహాల్ని.

గంగరాజుగారికి తక్కువ డబ్బుతో మంచి సినిమా తెలియదా అంటే, 2003 సంవత్సరానికి జాతీయ పురస్కారానికి ఎంపికైన ‘ఐతే’ నిర్మాత ఆయనే. కొత్త కుర్రాళ్ళతో, కథబలంతో నెగ్గిన సినిమా అది. అందుకే నాకు మరీ కష్టంగా ఉంది.

2020 ఉగాదికి ‘అమృతం ద్వితీయం’ జీ5లో మొదలైనప్పుడు హర్షవర్ధన్ తిరిగి వచ్చారు. హనుమంతరావుగారు 2018లోనే పోయారు గనుక ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరాంగారు చేశారు. ఆ లోటుకి ఎవరేం చెయ్యగలరు? కాని హోటలు మాత్రం నేలమీదే ఉంది.

మళ్ళీ ఎవరైనా దీన్ని సినిమాగా తియ్యదలిచి చందా అడిగితే నా మెస్సు డబ్బుల్లోంచి వంద రూపాయలిస్తాను. కథ మాత్రం అమృతవిలాస్ వంటింట్లోనే జరగాలి. మా నాన్నగారిని నేనే హాలుకి తీసుకువెళ్తాను.