బిడ్డ నాది, సంతకం ఆయనది

"వాడికేమమ్మా, పుట్టుకతోనే అమెరికా సిటిజన్!"

ఈ మాట మన పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో వినని వాళ్ళెవరూ ఉండరు. అక్కడ పుట్టిన పిల్లాడు ఇక్కడికొస్తే చాలు, వాడి బుగ్గ గిల్లి మరీ అంటారు. నాకీ మధ్య ఆ మాట వింటే ఒళ్ళు మండుతోంది. ఎందుకంటే అదే అదృష్టవంతుడు ఒకడు తెనాలిలో మా ఆడపడుచు ఇంట్లో ఉన్నాడు. ఎనిమిదేళ్ళు. రెండో తరగతి. ఎక్కాలు గడగడా చెప్తాడు, పెరుగన్నంలో మాగాయ లేకపోతే ముద్ద దిగదు. మన ప్రభుత్వం కాగితాల్లో మాత్రం వాడు గడువు దాటి ఉండిపోయిన విదేశీయుడు.

వాళ్ళమ్మ, అంటే మా ఆడపడుచు కూతురు, భారత పౌరురాలే. తాత, అమ్మమ్మ, మేనమామ అందరూ ఇక్కడి ఓటర్లే. ఆ పిల్ల ఆధారపడిన వీసా మీద న్యూజెర్సీ వెళ్ళింది, అక్కడే పిల్లాడు పుట్టాడు. వాడికి మూడేళ్ళప్పుడు "నువ్వు ముందు వెళ్ళు, నేను నెలలో వస్తా" అని మొగుడు ఇద్దరినీ విమానం ఎక్కించాడు. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. ఇలాంటి కథలు మీ చుట్టాల్లోనూ రెండో మూడో ఉంటాయి, కాబట్టి అతగాడి గురించి ఇంతకంటే రాయను. నా గొడవ అతనితో కాదు, అతని సంతకంతో.

అమెరికాలో పదహారేళ్ళ లోపు పిల్లలకిచ్చే పాస్‌పోర్ట్ ఐదేళ్ళే చెల్లుతుంది. కొత్తది కావాలంటే తల్లిదండ్రులిద్దరూ వచ్చి నిలబడాలి, లేదా రానివాళ్ళు నోటరీ చేయించిన అంగీకార పత్రం పంపాలి. మన దేశపు వీసా పాస్‌పోర్ట్ మీద ఉంటుంది. పాస్‌పోర్ట్ చచ్చిపోతే వీసా పొడిగింపు లేదు. వీసా లేకపోతే ఇక్కడ ఉండటమే నేరం. పోనీ వెళ్ళిపోదామన్నా వీల్లేదు, గడువు దాటినందుకు జరిమానా కట్టి ఎగ్జిట్ పర్మిట్ తెచ్చుకోవాలి, దానికీ చెల్లే పాస్‌పోర్ట్ కావాలి. ఆఖరికి బడి కూడా. విదేశీ పిల్లలు చదువుతుంటే ఆ సంగతి బడివాళ్ళు విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తెలపాలి. అందుకే ప్రతి జూన్‌లోనూ ప్రిన్సిపాల్ గది బయట ఆ పిల్ల కాళ్ళు వణుకుతూ కూర్చుంటుంది.

"మరి ఓసీఐ కార్డు తీసుకోవచ్చుగా?" అంటారు తెలిసినవాళ్ళు. తల్లి, తండ్రి ఇద్దరిలో ఒకరు భారత పౌరులైతే పిల్లలకి ఆ కార్డు రావచ్చునని చట్టంలోనే ఉంది. కానీ మైనరుకి దరఖాస్తు పెట్టాలంటే మళ్ళీ ఇద్దరి సంతకాలు. ఒకరే ఉంటే, బిడ్డ పూర్తిగా తనదేనని కోర్టు ఇచ్చిన ఆర్డరు. పైగా చెల్లే విదేశీ పాస్‌పోర్ట్. అంటే ఎటు తిరిగినా ఆ గడపే.

సరే, మన పౌరసత్వమే ఇప్పిద్దామంటారా? భారత పౌరులకి విదేశంలో పుట్టిన బిడ్డని ఏడాదిలోపు అక్కడి మన కాన్సులేట్‌లో నమోదు చేయిస్తే పుట్టుకతోనే భారత పౌరుడవుతాడు. 2004 డిసెంబరు నుంచి ఇదీ పద్ధతి. కానీ బిడ్డకి ఇంకో దేశపు పాస్‌పోర్ట్ లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. అమెరికాలో పురుడు పోసుకున్న ఏ ఇంట్లో అయినా బారసాల కంటే ముందు జరిగేది పాస్‌పోర్ట్ ఫోటో. ఆ దారి అక్కడే మూసుకుపోయింది. ఇప్పుడు అమెరికా పౌరసత్వం వదిలేస్తామన్నా, మైనరు తరఫున తల్లిదండ్రులు వదులుకోవడాన్ని ఆ దేశం ఒప్పుకోదు. రెండు పౌరసత్వాలు మన దేశం ఒప్పుకోదు. అదృష్టవంతుడని ఊరికే అన్నారా మరి!

ఈ చిక్కుముడిలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించినది చెప్తాను. ఇదే పిల్లాడు తెనాలిలోనే పుట్టి ఉంటే? మన పాస్‌పోర్ట్ నిబంధనలు 2016 చివర్లో మార్చారు. దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒకరి పేరు ఇస్తే చాలు. రెండోవాళ్ళ అంగీకారం లేకపోతే ఎందుకు లేదో తల్లి ఒక డిక్లరేషన్ రాసివ్వచ్చు. అంటే తెనాలిలో పుట్టిన బిడ్డని తండ్రి సంతకం లేకుండా దేశం దాటించడానికి తల్లి మాట సరిపోతుంది. న్యూజెర్సీలో పుట్టిన బిడ్డని సొంత ఇంట్లో ఉంచుకోవడానికి మాత్రం తల్లి మాట సరిపోదు! ఒకే తల్లి, ఒకే దేశపు పౌరసత్వం, ఒకే నోరు. నిజం చెప్తుందని ఒక కౌంటరు దగ్గర నమ్ముతారు, పక్క కౌంటరు దగ్గర నమ్మరు.

తల్లి మాటకి విలువ లేకపోవడం మన చట్టాలకి కొత్త కాదు లెండి. 1992 దాకా విదేశంలో పుట్టిన బిడ్డకి భారత పౌరసత్వం తండ్రి నుంచే వచ్చేది. తల్లి భారతీయురాలై, తండ్రి కాకపోతే వంశపారంపర్యంగా బిడ్డకేమీ లేదు. తొమ్మిది నెలలు మోసినావిడ నుంచి మేనరికపు ముక్కు వస్తుంది, మధుమేహం వస్తుంది, పౌరసత్వం మాత్రం రాదన్నమాట. రాజ్యాంగం వచ్చిన నలభై రెండేళ్ళకి గానీ అది దిద్దలేదు.

గీతా హరిహరన్ అనే రచయిత్రి కేసు గుర్తుందా? కొడుకు పేరున రిజర్వ్ బ్యాంకు బాండ్లు కొందామని, గార్డియన్‌గా తానే సంతకం పెట్టింది. భర్తకీ అది ఇష్టమే, ఇద్దరూ కలిసే అడిగారు. అయినా తండ్రి సంతకమే కావాలంది బ్యాంకు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో సహజ సంరక్షకుడు తండ్రి, "ఆయన తర్వాత" తల్లి అని రాసి ఉంది మరి. ఆవిడ సుప్రీంకోర్టుకెళ్ళింది. 1999లో కోర్టు ఏమంది? "తర్వాత" అంటే తండ్రి చచ్చిపోయాక అని కాదు, ఆయన లేనప్పుడు, బిడ్డని పట్టించుకోనప్పుడు అని కూడా అంది. పాతికేళ్ళు దాటింది. ఐదేళ్ళుగా ఫోనులో కూడా బిడ్డ గొంతు వినని తండ్రి "లేనట్టు" కాకపోతే ఇంకెవరు లేనట్టు? కానీ ఫారంలో రెండో సంతకం గడి అలాగే ఉంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. రెండు సంతకాల నిబంధన పిచ్చిది కాదు. ఒకరికి తెలియకుండా ఇంకొకరు బిడ్డని ఎత్తుకుపోకుండా ఉండటానికి పెట్టారు. అలా బిడ్డకి దూరమై ఏడ్చే తండ్రులూ ఉన్నారు, నాకు తెలుసు. పిల్లల్ని దేశాలు దాటించడం మీద 1980లో వచ్చిన హేగ్ ఒప్పందంలో మన దేశం ఇప్పటికీ చేరలేదు కాబట్టి ఆ దేశాల భయం వాళ్ళకుంటుంది. సరే. కానీ అంగీకారం దేనికి అడగాలి? బిడ్డ కదలడానికి. ఉన్నచోట ఉండటానికి కాదు. బడికి వెళ్ళే పిల్లాడు అదే బడికి, అదే వీధిలోంచి, రేపు కూడా వెళ్ళడానికి ఎవరి అనుమతి కావాలి? బయటికి తీసుకెళ్ళడానికి కట్టిన తాళం ఇంట్లోవాళ్ళనే ఇంట్లో దొంగల్ని చేస్తే ఆ తాళం మార్చాలి గదా!

అసలు బాధ ఎక్కడుందో ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ సంతకానికి ధర కట్టారు. మొదట పెద్దమనుషుల ద్వారా కబురొచ్చింది, పెట్టిన కేసు తీసేస్తే సంతకం పెడతాడట. తర్వాత పెళ్ళిలో పెట్టిన బంగారం ఊసెత్తొద్దన్నారు. ఆ తర్వాత మనోవర్తి వద్దని రాసివ్వమన్నారు. బిడ్డని చూస్తానని ఒక్కసారీ అడగలేదు. చట్టం బిడ్డ మేలు కోసం ఇద్దరి చేతిలో పెట్టిన కలం ఒకడి చేతిలో వేలం పాటైంది. "పోనీలేవే, పిల్లాడి కోసం దిగిరా" అన్న పెద్దవాళ్ళని చూస్తే ఇంకా ఆశ్చర్యం. దిగిరావడానికి ఆ పిల్ల ఎక్కింది ఎక్కడమ్మా?

కోర్టుకి వెళ్ళొచ్చుగా అంటే, వెళ్ళింది. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890 నాటిది. మైనరు మామూలుగా ఎక్కడ నివసిస్తుంటే అక్కడి కోర్టులో వేయాలి, అంటే మన దగ్గరే. అంతవరకు బాగానే ఉంది. కానీ అమెరికాలో ఉన్నవాడికి సమన్లు అందాలి. ఇల్లు మారాడని ఒకసారి, అడ్రసు సరిగా లేదని ఒకసారి తిరిగొచ్చాయి. తండ్రి జాడ లేకపోతే అమెరికా వాళ్ళ దగ్గర కూడా ప్రత్యేక పరిస్థితులు రాసివ్వడానికి ఒక ఫారం ఉంది, అదీ నింపి ఇచ్చింది. ఎదురు చూస్తోంది. "అత్తా, వాడు పుట్టిన కాగితం నా దగ్గరుంది, వాడు నా పక్కనే నిద్రపోతున్నాడు, ఇంకేం రుజువు కావాలి వీళ్ళకి?" అంటుంది. ఏం చెప్పను?

భార్యల్ని వదిలేసే ఎన్నారై మొగుళ్ళ మీద 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు. పెళ్ళి నమోదు చేయించకపోతే వాళ్ళ పాస్‌పోర్ట్ స్వాధీనం చేసుకోవచ్చునని అందులో ఉంది. పెట్టడం వరకే జరిగింది. పైగా అందులోదంతా పెళ్ళి గురించే. పెళ్ళి పోయినా మిగిలే బిడ్డ సంగతో?

నేనడిగేది కొత్త చట్టం కూడా కాదు. 1955 పౌరసత్వ చట్టం ఐదో సెక్షన్, నాలుగో సబ్ సెక్షన్ చూడండి. (చూశాను, మా ఇంట్లో నన్ను లాయరమ్మ అని వెక్కిరిస్తున్నారు, వెక్కిరించనీండి.) ప్రత్యేక పరిస్థితులున్నాయని తృప్తి పడితే ఏ మైనరునైనా భారత పౌరుడిగా నమోదు చేయించే అధికారం కేంద్రానికి ఉంది. "ఏ మైనరునైనా" అని ఉంది. తండ్రి వదిలేసి, తల్లి భారత పౌరురాలై, ఐదేళ్ళుగా ఇక్కడే పెరుగుతున్న బిడ్డది ప్రత్యేక పరిస్థితి కాదా? అంతదాకా అక్కర్లేదంటే, కనీసం తల్లి అఫిడవిట్ మీద ఓసీఐ ఇవ్వండి. తండ్రికి తెలిసిన ఆఖరి అడ్రసుకి నోటీసు పంపండి, రెండు నెలలు గడువివ్వండి, అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పుకోమనండి. నోరెత్తనివాడి మౌనం ఇవాళ "వద్దు" కింద లెక్కేస్తున్నారు. దాన్ని "సరే" కింద లెక్కేయడానికి ఏం అడ్డం?

ఓసీఐ వస్తే అన్నీ తీరిపోతాయనీ కాదు. ఓటు లేదు, పొలం కొనలేడు, ప్రభుత్వ ఉద్యోగం మామూలుగా రాదు. 2021 మార్చి 4 నోటిఫికేషన్‌తో నీట్, జేఈఈల్లో కూడా మన పిల్లలకి కేటాయించిన సీట్లు వాళ్ళకి లేవు, ఎన్నారై సీట్లే. అంతకు ముందే కార్డు ఉన్నవాళ్ళకి పాత హక్కు పోదని 2023లో సుప్రీంకోర్టు అంది గానీ, ఇక మీదట తీసుకునేవాళ్ళకి ఆ ఊరట లేదు. తండ్రి డాలర్లు ఒక్కటీ చూడని పిల్లాడు ఎన్నారై కోటా ఫీజు కట్టాలి! అయినా ఆ కార్డుంటే ప్రతి జూన్‌లో వాళ్ళమ్మ వణకదు. ఇవాళ్టికి అది చాలు.

ఆఖరుగా, కూతుళ్ళ పురిటికి అమెరికా వెళ్ళే అమ్మలకి. మనం సూట్‌కేసులో పథ్యం కారం, కరివేపాకు పొడి, వాము, చంటిపిల్ల గుడ్డలు అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతాం. ఇంకొకటి కూడా సర్దండి. బిడ్డ పుట్టిన సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ రాగానే, అల్లుడుగారు మురిపెంగా ఉన్న ఆ మొదటి నెలల్లోనే, ఇద్దరి చేతా ఓసీఐ దరఖాస్తు మీద సంతకాలు పెట్టించండి. అల్లుడు బంగారమే కావచ్చు, ఎవరూ అనుమానించడం లేదు. బర్త్ సర్టిఫికెట్ అసలు కాపీలు రెండు మూడు తీసుకుని, అపోస్టిల్ చేయించి, ఒకటి మీ బీరువాలో పెట్టుకోండి. పిల్ల ఎప్పుడైనా బిడ్డతో ఒంటరిగా ఇండియా వస్తుంటే పాస్‌పోర్ట్ గడువు ఎంతుందో ముందు చూడండి. ఏడాది లోపు ఉంటే అక్కడే కొత్తది చేయించుకుని, అది చేతికొచ్చాకే టికెట్టు కొనమనండి.