స్ట్రీక్ పెరిగితే భాష వచ్చినట్టేనా?

మొన్న సంక్రాంతి సెలవుల్లో హోసూరు బస్టాండు దగ్గర నిలబడి ఉన్నాను. వేరే రాష్ట్రం నుంచి వచ్చినట్టున్న ఒకాయన నా దగ్గరికి వచ్చి, గవర్నమెంటు ఆస్పత్రికి ఎట్లా పోవాలని ఇంగ్లీషులో గబగబా అడిగాడు. అప్పటికి నేను నాన్న ఫోనులోని యాప్‌లో 213 రోజులుగా, ఒక్కరోజు కూడా తప్పకుండా ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను. ఎడమ, కుడి, ఆస్పత్రి, రోడ్డు అనే మాటలన్నీ మొదటి నెలల్లోనే అయిపోయాయి. అయినా నోరు పెగల్లేదు. ఊరికే నవ్వి, చెయ్యి అటువైపు చూపించాను.

పక్కనే పూలమ్ముతున్న అవ్వ అందుకుంది. "సార్, స్ట్రెయిట్ గో, సిగ్నల్ లెఫ్ట్ కట్, బోర్డ్ కమ్" అనింది. ఆయన థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. అవ్వ నా వైపు తిరిగి, "ఏమప్పా, చదివేవాడివి నువ్వు. బెల్లం కొట్టిన రాయి మాదిరి నిలబడుకోని ఉండావే!" అనింది.

ఆ మాట నన్ను వదల్లేదు. అవ్వ ఇంగ్లీషులో వ్యాకరణం లేదు. నా 213 రోజుల్లో మాటే లేదు. ఎవరికి భాష వచ్చినట్టు?

నా వాదన ఇది. యాప్ మనల్ని మొదటి మెట్టు ఎక్కిస్తుంది. రెండో మెట్టు మాత్రం మనమే ఎక్కాలి. మనం మొదటి మెట్టు మీదే కూర్చుని రోజులు లెక్కపెట్టుకుంటూ, దాన్నే చదువు అనుకుంటున్నాం. ఇంట్లో పెద్దలు కూడా ఆ లెక్క చూసి సంతోషపడుతున్నారు.

యాప్ మనచేత ఏం చేయిస్తుందో ఒకసారి గమనించండి. తెలుగు వాక్యం ఒకటి చూపిస్తుంది. కింద ఏడెనిమిది ఇంగ్లీషు మాటలు ఇస్తుంది. వాటిని వరసగా నొక్కితే చాలు, గంట మోగుతుంది. అంటే జవాబు కళ్లముందే ఉంది. ఉన్నదాన్ని గుర్తుపట్టడం వేరు, లేనిదాన్ని గుర్తుతెచ్చుకోవడం వేరు. బస్టాండులో ఆయన నా ముందు ఏడెనిమిది మాటలు పరచి, ఏరుకో అనలేదు కదా!

ఇంకొకటి. యాప్‌లో ఒక వాక్యానికీ ఇంకో వాక్యానికీ చాలాసార్లు సంబంధం ఉండదు. పిల్లి పాలు తాగుతుంది. మా అక్క డాక్టరు. నాకు రెండు ఆపిల్ పండ్లు కావాలి. ఎవరు, ఎవరితో, ఎందుకు అన్నారు? మనుషులు మాట్లాడుకునేటప్పుడు "అందుకే", "కానీ", "నిన్న అట్లా అన్నావు కదా" అంటూ మాటకు మాట అతుక్కుని వస్తుంది. విడి వాక్యాలు ఎన్ని పోగేసినా అది రాదు. గట్టున కూర్చుని ఈత నేర్చుకున్నట్టు ఉంటుంది.

స్ట్రీక్ సంగతి అందరికీ తెలిసిందే. రాత్రి పదకొండున్నరకు గుర్తొస్తే, లెక్క పోతుందనే భయంతో అన్నిటికంటే తేలికైన పాత పాఠాన్ని మళ్లీ నొక్కి పడుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి. లెక్క పెరిగింది, భాష పెరగలేదు. మనం రోజూ తెరవడం యాప్‌వాళ్లకు వ్యాపారం. వాళ్లను తప్పుపట్టను. దాన్ని మార్కుల మాదిరి చూసుకున్నది మనమే.

"మా ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు, యాప్ కూడా లేకపోతే ఇంకెవరు నేర్పుతారు?" అని మా తరగతిలోనే ఒకరు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఎవరూ వినకుండా, సిగ్గులేకుండా మొదటి మాటలు పలకడానికి యాప్ నిజంగా మంచిదే. నాకూ అట్లాగే పనికొచ్చింది. నేను దాన్ని తీసేయమనడం లేదు. దాంతోనే ఆగిపోవద్దంటున్నాను.

అసలు మనకు తమిళం ఎట్లా వచ్చిందో గుర్తుచేసుకోండి. నా చిన్నప్పుడు పక్కింటి అత్త "పసిక్కుదా?" అని అడిగింది. ఆకలేస్తోందా అని దాని అర్థం. నేను పసిపిల్లల గురించి అనుకుని, "మా ఇంట్లో పాపాయిలు లేరు" అన్నాను. వీధి వీధంతా నవ్వింది. ఆ మాట మళ్లీ మరిచిపోలేదు. తప్పు మాట్లాడాం, నవ్వారు, మళ్లీ మాట్లాడాం. అట్లా వచ్చింది తమిళం. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తప్పు వస్తుందని నోరే తెరవం.

మాట్లాడటం తర్వాత చదవడం. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషు ఆయన దాదాపు వందేళ్ల కిందట ఢాకాలో పనిచేశాడు. అక్కడి బెంగాలీ పిల్లలకు ముందు చదవడం రావాలని, తేలిక మాటలతో వరసగా రీడర్లు తయారుచేశాడు. ఇంగ్లీషులో ఎక్కువగా వాడే సుమారు 2,000 మాటల జాబితాను 1953లో ప్రచురించాడు. మాటలు యాప్‌లోనూ ఉన్నాయి. కానీ కథలో ఒకే మాట పదిచోట్ల పది రకాలుగా ఎదురవుతుంది. తర్వాత ఏమైందో తెలుసుకోవాలని మనమే పేజీ తిప్పుతాం. మన బడి బీరువాలో ఉన్న చిన్న ఇంగ్లీషు కథల పుస్తకం ఒకటి మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లు మనలో ఎంతమంది?

ఫిబ్రవరిలో ఒకరోజు కావాలనే యాప్ తెరవలేదు. లెక్క సున్నా అయింది. ఆ సాయంత్రం నేనూ నా స్నేహితుడూ బడి నుంచి ఇంటిదాకా ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటూ పోయాం. దారిలో బోండాలు కొన్నాం. నూనె కారుతోందని చెప్పడానికి మాట దొరకలేదు, చేతులతో చూపించుకున్నాం. ఇంటికి పోగానే ఆ మాట డిక్షనరీలో వెతికాను. మనకు అవసరమై వెతుక్కున్న మాట మనదవుతుంది. మా ఇద్దరికీ వచ్చింది కొంచెమే. ఇద్దరూ కొంచెం కొంచెం వచ్చినవాళ్లయినా సరిపోతుందని ఆరోజే తెలిసింది.

అందుకే నేను అడిగేవి ఇవి. తోటి విద్యార్థులారా, యాప్‌కు పది నిమిషాలు చాలు. అందులోనూ మాటలు నొక్కే పాఠం కాకుండా, టైపు చేసే పాఠం ఉంటే అదే చేయండి. తర్వాత పుస్తకంలో ఒక పేజీ చదవండి, ఆరోజు జరిగింది ఐదు వాక్యాలు రాయండి, స్నేహితుడితో కాసేపు మాట్లాడండి.

గురువుగారూ, వారానికి ఒక పీరియడు మాకు ఇవ్వండి. అందులో మేము తప్పో ఒప్పో మాట్లాడతాం. మధ్యలో ఆపకుండా వినండి. తప్పులు చివర్లో చెప్పండి. నవ్వినవాళ్లను మాత్రం అప్పుడే ఆపండి.

అమ్మానాన్నలారా, పదో తరగతి తర్వాత మాలో చాలామందికి కాలేజీలో, పాలిటెక్నిక్‌లో పాఠాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. అక్కడ లెక్చరరు ప్రశ్న వేస్తే కింద మాటల ముక్కలు కనిపించవు. తెలుగు మీడియం వల్లనే వీళ్లకు నోరు రాలేదని అంటారు. ఆ నింద మన బడి మీద పడకూడదు. కాబట్టి రేపటినుంచి "ఎన్ని రోజుల స్ట్రీక్ అయింది?" అని అడగకండి. "ఈరోజు బడిలో ఏం జరిగిందో ఇంగ్లీషులో చెప్పు" అని అడగండి. మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, వినండి చాలు.