ఎవరి నుండి విన్నారు?

సెలవులకు ఇళ్లకు వెళ్లే మదరసా విద్యార్థులకు మేము ఒక పని అప్పగిస్తూ ఉంటాము. తండ్రి వైపు నాలుగు తరాలు, తల్లి వైపు నాలుగు తరాల పెద్దల పేర్లు, వారు నివసించిన గ్రామాలు వ్రాసుకొని రావాలి. తెలంగాణ పల్లెల నుండి వచ్చిన పిల్లల కాగితాలు తరచు ఒకే చోట ఆగిపోతాయి. దాదా పేరు ఉంటుంది. ఆయన తండ్రి పేరుకు ఎదురుగా "పోలీస్ యాక్షన్‌లో పోయారు" అన్న ఒక్క వాక్యం ఉంటుంది. ఏ ఊళ్లో, ఏ నెలలో, ఎవరి చేతిలో, ఈ మాట చెప్పిందెవరు అన్న వివరాలేవీ ఉండవు.

భారత సైన్యం 1948 సెప్టెంబరు 13న హైదరాబాద్ సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం ప్రభుత్వం తలవంచింది. పాఠ్యపుస్తకంలో ఇది ఐదు రోజుల కథ. దానికి ముందు రజాకార్ల దౌర్జన్యాలున్నాయి, దేశ్‌ముఖులపై రైతుల సాయుధ పోరాటం ఉంది. ఆ తరువాత వారాల తరబడి అమాయక ముస్లిం కుటుంబాలపై సాగిన ప్రతీకారమూ ఉంది. అంతర్యుద్ధమన్న పేరు దీనికి ఎవరూ పెట్టలేదు. కానీ ఒకే చెరువు నీటితో పొలాలు పండించుకున్నవారు ఒకరినొకరు చంపుకొన్న కాలాన్ని మరేమని పిలవాలి?

ఆ ఏడాది చివర పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ తదితరులు జిల్లాలు తిరిగి ప్రభుత్వానికి నివేదిక సమర్పించారు. తక్కువలో తక్కువగా లెక్కించినా 27,000 నుండి 40,000 మంది ప్రాణాలు కోల్పోయారన్నది వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువగా నష్టపోయాయి. నివేదిక దశాబ్దాల పాటు ప్రజల కంట పడలేదు. కాగితం లేని చోట ఇంటి పెద్దల మాటే సాక్ష్యమయింది. ఆ మాటను ఎలా స్వీకరించాలన్నదే ఇప్పుడు మన ముందున్న ప్రశ్న.

దీనికి మన విద్యాసంప్రదాయంలోనే ఒక మార్గం ఉంది. అది పుట్టింది కూడా అంతఃకలహం నుండే. హజ్రత్ ఉస్మాన్ (రజి) హిజ్రీ 35లో షహీద్ అయిన పిదప జమల్, సిఫ్ఫీన్ యుద్ధాలు జరిగాయి. ముస్లింలు ముస్లింలపై ఖడ్గం ఎత్తారు. హిజ్రీ 110లో మరణించిన తాబయీ ముహమ్మద్ ఇబ్ను సీరీన్ (రహ్మలై) చెప్పిన ఒక విషయాన్ని ఇమామ్ ముస్లిం తమ గ్రంథపు ముఖద్దిమాలో పొందుపరిచారు. దాని సారాంశం ఇది: మొదట్లో ఉల్లేఖన పరంపరను ఎవరూ అడిగేవారు కారు, ఫిత్నా తలెత్తిన తరువాతే మీకు చెప్పిన వారి పేర్లు చెప్పండని అడగసాగారు. రక్తం చిందిన తరువాత ప్రతి వర్గానికీ తన కథ ఉంటుందని ఆ పెద్దలు గ్రహించారు. అందుకే కథను పారవేయలేదు, కళ్లు మూసుకొని నమ్మనూ లేదు. చెప్పినవారెవరని అడిగారు.

ఇంట్లో కూడా మనం ఇదే అడగాలి. ఒక విద్యార్థి తన నానా మాటగా ఇలా వ్రాసుకొచ్చాడు: ఊళ్లోకి సైన్యం వచ్చిన నాడు ఇంటిల్లిపాదీ రమజాన్ ఉపవాసంతో ఉన్నారు. ఆ సంవత్సరం, అంటే హిజ్రీ 1367లో, రమజాన్ జులై, ఆగస్టు నెలల్లో వచ్చింది. సైన్యం వచ్చింది జుల్‌ఖాదాలో. అంటే నానా అబద్ధం చెప్పారా? లేదు. అప్పటికి ఆయన చంటిబిడ్డ, తల్లి చెప్పగా విన్నారు. రమజాన్‌లో జరిగిన మరేదో దాడి, సెప్టెంబరు నాటి సంఘటన కలిసి ఒకటై ఉండవచ్చు. హదీసువేత్తలు దీనిని 'వహమ్' అంటారు, అసత్యం అనరు. తేదీలతో సరిచూచి ఉల్లేఖకుని పొరపాటును పట్టుకోవడం వారికి నిత్యకృత్యం. ఆ అబ్బాయి ఇప్పుడు రెండు సంఘటనలనూ వేర్వేరుగా వెదుకుతున్నాడు.

వెదకడానికి ఆధారాలు లేకపోలేదు. ఖాజీల నికాహ్ దస్త్రాలలో వధూవరుల తండ్రుల పేర్లుంటాయి. సేత్వార్, ఖాస్రా పహాణీలలో భూమి ఎవరి పేరు నుండి ఎవరి పేరుకు మారిందో కనిపిస్తుంది. ఖాస్రా పహాణీ 1954-55 నాటిది కనుక, అంతకు ముందు కాగితంలో ఉన్న మన పెద్దల పేరు అందులో లేకపోతే ఆ మధ్య ఏదో జరిగిందన్నమాట. సంస్థానం నాటి కాగితాలు ఉర్దూలో ఉంటాయి, సంవత్సరం ఫస్లీలో ఉంటుంది. ఫస్లీ 1357 అంటే 1947 అక్టోబరు నుండి మరుసటి అక్టోబరు వరకు. ఉర్దూ చదవడం రాని మనుమలకు ఆ కాగితాలు ఇంట్లో ఉన్నా లేనట్లే.

ఇక వంశాల సంగతి. పేరు దొరకని చోట సయ్యద్ అనో, అరబ్బు వంశీకుడనో ఒక తాతను తెచ్చి నిలబెట్టే అలవాటు కొన్ని కుటుంబాలలో ఉంది. తెలిసీ తన తండ్రి కాని వానిని తండ్రిగా చెప్పుకోవడాన్ని మహాప్రవక్త (సఅసం) ఎంత తీవ్రంగా నిషేధించారో పాఠకులకు తెలుసు. ముత్తాత దూదేకుల వృత్తి చేసినవాడైతే అలాగే వ్రాయాలి.

మనకు రుచించని కథ కూడా వ్రాయవలసిందే. బైరాన్‌పల్లిలో రజాకార్ల చేతిలో మరణించినవారి మనుమలు కూడా తాతల కథలు చెప్పుకుంటారు. రజాకార్లను విమర్శించిన 'ఇమ్రోజ్' పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో హైదరాబాద్ వీధిలో హత్యకు గురయ్యారు. ఆయన ముస్లిమే. సుందర్‌లాల్ నివేదికలోనే మరొక సంగతి ఉంది: ముస్లిం నేతకారులను కాపాడబోయి హిందూ నేతకారులు తమ ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. మీ కుటుంబాన్ని ఎవరో ఒకరు గాదెలోనో, గడ్డివాములోనో దాచి ఉంటే ఆ ఇంటి పేరు కనుక్కోండి. అదీ మీ వంశవృక్షంలో చేరవలసిన పేరే.

ఆనాడు పదేళ్ల వయసున్నవారు నేడు ఎనభై అయిదు దాటినవారు. కనుక ఈ పని వచ్చే సెలవులకు వాయిదా వేయవద్దు. దాదీ, నానీలను అడిగేటప్పుడు ఫోను ముఖం మీద పెట్టవద్దు, ప్రక్కన కూర్చోండి. చూచినదేదో, విన్నదేదో విడిగా వ్రాయండి. మానం కాపాడుకోవడానికి బావులలో దూకిన స్త్రీల ఊళ్లున్నాయి. బావి ప్రస్తావన రాగానే ఆమె మాట ఆగిపోతే మీ ప్రశ్నను కూడా అక్కడే ఆపండి. ఆ పుటపై ఆమె పేరు, ఆ నాటి తేదీ మాత్రం వ్రాసి, మిగిలిన భాగం ఖాళీగా ఉంచండి.