డబ్బిచ్చేవాడు దణ్ణం పెట్టాలా?

దసరా వచ్చిందంటే భీమవరం మావుళ్ళమ్మ గుడి ముందు కొత్త బండ్లు బారులు తీరుతాయి. పసుపు కుంకాలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తోలుకుపోతారు. ఒకప్పుడు ఆ వరసలో మోటారు సైకిళ్ళు, ట్రాక్టర్లే ఎక్కువ. ఇప్పుడు ఎత్తయిన పెద్ద కార్లు, ఎస్‌యూవీలు కూడా కనిపిస్తున్నాయి. చెరువు గట్టుకూ పనికొస్తుంది, పెళ్ళికీ పేరంటానికీ పనికొస్తుంది అని రైతులు వాటి మీద మోజు పడుతున్నారు. అందులో తప్పేమీ లేదు. రైతు కారెక్కితే ముక్కున వేలేసుకునే రోజులు పోయాయి. అయితే ఆ కారు కొనే తీరులోనే మనవారు నష్టపోతున్నారు.

కొత్త రకం బండి మార్కెట్లోకి వచ్చిందంటే జనం ఎలా ఎగబడుతున్నారో రెండు ఉదాహరణలు చాలు. 2022 జూలై 30న మహీంద్రా కంపెనీ స్కార్పియో-ఎన్ బుకింగులు తెరిచింది. అరగంటలో లక్ష బుకింగులయ్యాయి. 2024 అక్టోబరు 3న అదే కంపెనీ థార్ రాక్స్‌కు మొదటి గంటలోనే 1,76,000 దాటాయి. ఫ్యాక్టరీ మాత్రం నెలకు కొన్ని వేల బండ్లకు మించి తయారుచేయలేదు. అడిగేవారు లక్షల్లో, బండ్లు వేలల్లో ఉంటే ఏమవుతుంది? కొనేవాడు షోరూము గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడవలసి వస్తుంది.

ఇది మనకు కొత్త కాదు. 1983లో మారుతి కారు కోసం లక్షకు పైగా జనం పదేసి వేల రూపాయలు అడ్వాన్సు కట్టి కాచుక్కూర్చున్నారు. ఆ ఏడాది డిసెంబరు 14న తొలి కారు తాళాలను అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ స్వయంగా అందజేశారు. స్కూటరు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కుటుంబాలు మన జిల్లాలోనూ ఉన్నాయి. ఆ రోజుల్లో కొనదగ్గ రకాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. ఇవాళ పోటీ కంపెనీలు అరడజనుకు పైగా ఉన్నాయి. అయినా ఆనాటి అలవాటు మనల్ని వదల్లేదు. బండి దొరకడమే మహాభాగ్యమన్నట్లు ప్రవర్తిస్తున్నాం.

ఈ ఆత్రాన్నే కొందరు సొమ్ము చేసుకుంటున్నారు. “దసరాకి బండి కావాలా? అయితే సీటు కవర్లు, మ్యాట్లు, రంగు మీద పూత మా దగ్గరే వేయించుకోవాలి” అంటారు. ఇన్సూరెన్సు కూడా తామే చేయిస్తామంటారు. బిల్లులో ‘హ్యాండ్లింగ్’ అని ఇంకో పద్దు కలుపుతారు. ఇవన్నీ కట్టినవాడి పేరు జాబితాలో పైకి జరుగుతుంది. నిజాయితీగా బుకింగు కట్టి ఊరుకున్నవాడి పేరు కిందికి జరుగుతుంది. అన్ని షోరూములూ ఇలాంటివేనని మేము అనడం లేదు. పద్ధతిగా నడిచేవీ ఉన్నాయి. కాని ఈ మాటలు రచ్చబండల దగ్గర వినిపించని ఊరు లేదు.

కొనేవారు కొన్ని సంగతులు గట్టిగా గుర్తుంచుకోవాలి. ఇన్సూరెన్సు తప్పనిసరి. అది షోరూములోనే చేయించాలన్న నిబంధన మాత్రం లేదు. కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా ఉండాలి. దాన్ని మనకు నచ్చిన ఏ బీమా కంపెనీ దగ్గరైనా తీసుకోవచ్చు. నాలుగు చోట్ల అడిగి చూస్తే తేడా తెలుస్తుంది. అదనపు సామాను కొనడం మన ఇష్టం. హ్యాండ్లింగ్ పేరుతో అడిగేది ప్రభుత్వానికి చెల్లే పన్ను కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అదే రాష్ట్రంలో కొన్న కొత్త బండి రిజిస్ట్రేషనుకు దరఖాస్తు చేయవలసింది డీలరే. తన పని తాను చేసినందుకు కొనేవాడి దగ్గర విడిగా సొమ్ము గుంజడం ఏ న్యాయం?

అన్నిటికంటె ముఖ్యమైనది ధర సంగతి. బుకింగు అంటే కొనుగోలు కాదు. అది వరసలో చోటు మాత్రమే. స్కార్పియో-ఎన్ విడుదలప్పుడు ప్రకటించిన తొలి ధర మొదటి 25,000 బుకింగులకే వర్తించింది. మిగిలినవారికి బండి చేతికి వచ్చిన రోజు ధరే ధర. ఒక్కోసారి ఇది మనకు లాభంగానూ ఉంటుంది. పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్సు కలిసి 45 శాతం దాటి ఉండేవి. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు ఎత్తివేసి 40 శాతం పన్నుగా నిర్ణయించారు. అంతకుముందే బుకింగు చేసి ఎదురుచూస్తున్నవారికి ధర తగ్గింది. కనుక బుకింగు నాడే మూడు ప్రశ్నలు వేయాలి. ధర ఏ రోజుది? వరసలో మా నెంబరెంత? వద్దనుకుంటే అడ్వాన్సు పూర్తిగా ఎన్నాళ్ళలో తిరిగిస్తారు? జవాబులు నోటిమాటగా కాక కాగితం మీద తీసుకోవాలి. పది లక్షలు దాటిన బండి మీద ఒక శాతం ముందస్తు ఆదాయపు పన్ను వసూలు చేస్తారు. పన్ను పరిధిలోకి రాని రైతు కూడా రిటర్ను దాఖలు చేసి ఆ సొమ్మును తిరిగి తెచ్చుకోవచ్చు. ఈ సంగతి చెప్పేవారు లేక ఎందరో వదిలేసుకుంటున్నారు.

ఇక బండి తీసుకునే రోజు. ముహూర్తం దాటిపోతోందని కంగారుపడి, పూలదండ వేసి, ఫోటో దిగి, తాళాలు పుచ్చుకుని వచ్చేస్తున్నారు. గేదెను కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, పాలు పితికి చూస్తాం. పది పదిహేను లక్షల బండిని చూడకుండా తెచ్చుకోవడమేమిటి? రిజిస్ట్రేషను కాకముందే, పగటి వెలుతురులో బండిని చూపించమనాలి. రిజిస్ట్రేషను అయ్యాక బండి మార్పించుకోవడం చాలా కష్టం. బండి మీది చాసిస్ నెంబరూ ఇంజను నెంబరూ బిల్లులో ఉన్నవాటితో అంకె అంకె సరిపోవాలి. తయారైన నెల, సంవత్సరం అడగాలి. రేపు అమ్మబోతే ధర దాన్ని బట్టే పలుకుతుంది. టైరు మీద నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. తిరిగిన కిలోమీటర్లు, రంగు, అద్దాలు, స్టెప్నీ, జాకీ, రెండు తాళాలు చూసుకోవాలి. బిల్లు, సేల్ సర్టిఫికెట్, ఇన్సూరెన్సు కాగితం, వారంటీ పుస్తకం చేతికి వచ్చాకే సంతకం చేయాలి. ముహూర్తం ఇంకొకటి దొరుకుతుంది.

అప్పు గురించి కూడా ఒక మాట. 12 లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్ళకు తీసుకుంటే నెలకు 19,300 రూపాయల పైచిలుకు కట్టాలి. మొత్తం వడ్డీయే 4 లక్షల 20 వేలు దాటుతుంది. అదే అయిదేళ్ళకైతే వాయిదా దాదాపు 24,900, వడ్డీ 3 లక్షల లోపు. వాయిదా చిన్నదిగా కనిపిస్తే అప్పు చౌక అనుకోరాదు. పైగా ఉద్యోగికి జీతం నెలనెలా వస్తుంది. రైతుకు డబ్బు కోతల నాడు, రొయ్యలు పట్టుబడి నాడు వస్తుంది. బ్యాంకు వాయిదా మాత్రం ప్రతి నెలా వస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతు ఎంత కలవరపడ్డాడో మనం చూశాం. ఒక పంట పోయినా ఏడాది వాయిదాలు కట్టగల దన్ను ఉంటేనే బండి వైపు చూడాలి. చెరువు లీజు సొమ్మును, పిల్లల చదువు సొమ్మును కారుకు మళ్ళించడం ఏ లెక్కన చూసినా తగని పని.

అధికారులకూ ఈ వ్యవహారంలో బాధ్యత లేకపోలేదు. ప్రతి షోరూములోనూ బండి ధర, జీవితపు పన్ను, రిజిస్ట్రేషను రుసుము, బీమా విడివిడిగా తెలుగులో బోర్డు మీద రాయించాలి. బుకింగు వరస అందరికీ కనిపించేలా పెట్టించాలి. రవాణా శాఖ పండుగల ముందు తనిఖీలు జరిపితే చాలావరకు దారికి వస్తారు. అన్యాయం జరిగితే కొనుగోలుదారు ఊరుకోనక్కరలేదు. 1915 నెంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు చెప్పవచ్చు. 2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తానుంటున్న జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. బండి కొన్న ఊరికి తిరగనక్కరలేదు. అయితే అక్కడ నిలిచేది రసీదు. నోటిమాట నిలవదు.

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నది రైతు బతుకును చూసి పుట్టిన సామెత. ధాన్యం అమ్మే కాడ, రొయ్యల కౌంటు తేల్చే కాడ ఎదుటివాడు చెప్పిందే ధర. అక్కడ మన చేతిలో ఉన్నది తక్కువ. కారు కొనే కాడ అలా కాదు. డబ్బు మనది, అవసరం అమ్మేవాడిది. నాలుగు నెలలు ఆగితే కొంప మునగదు. కొత్త బండి మోజు తీరాక అదే షోరూము మనకు ఫోను చేసి పిలుస్తుంది. ఆగగలిగినవాడే బేరమాడగలడు. ఈ దసరాకు గుడి ముందు బండి లేకపోతే పరువు పోదు. చూడకుండా సంతకం పెట్టి, వాయిదా కట్టలేక బండిని బ్యాంకుకు అప్పగించిన నాడు పోతుంది.