కడిగిపెట్టింది... అంతే!

పోయిన ఆదివారం మా బావగారి కుటుంబం భోజనానికి వచ్చారు. గుత్తి వంకాయ, పప్పుచారు, ఆవడలు... ఆ సంగతి వదిలేయండి, అవెవరూ గుర్తుపెట్టుకోలేదు. తిని చేతులు కడుక్కోగానే మావారు అందర్నీ కిందికి తీసుకెళ్ళి కారు బానెట్ ఎత్తి చూపించారు. లోపల ఎర్రగా నిగనిగలాడుతూ ఇంజను మూత. మెకానిక్కులు దాన్ని ట్యాపెట్ కవర్ అంటారు.

"ఇంట్లోనే వేశాం అన్నయ్యా రంగు! నేనూ వీడూ కలిసి."

బావగారు వంగి చూసి, వేలితో తట్టి, "షోరూం బండిలా ఉందిరా" అన్నారు. మావాడు మొబైల్లో ముందు ఎలా ఉండేదో, తర్వాత ఎలా అయ్యిందో ఫొటోలు చూపించాడు. తోటికోడలు అక్కయ్య మాత్రం నా వైపు తిరిగి, "నువ్వేం చెయ్యలేదా?" అంది నవ్వుతూ. నేను నోరు తెరిచేలోపే మావారు అందుకున్నారు. "ఆవిడ కడిగిపెట్టింది, అంతే."

ఆ "అంతే" దగ్గరే ఇవాళ్టి నా గొడవంతా.

మొదట్నుంచీ చెబుతాను. కారు 2001 మోడల్ హోండా సిటీ, మా మామగారు కొన్నది. ఆయన పోయాక అమ్మేద్దామని మూడుసార్లు అనుకుని, మూడుసార్లూ మనసొప్పక ఆగాం. ఏప్రిల్లో ఎక్కడ సిగ్నల్ పడి ఆగినా మాడిన నూనె వాసన మొదలైంది. మెకానిక్ చూసి, ట్యాపెట్ కవర్ కింద రబ్బరు ప్యాకింగ్ గట్టిపడిపోయింది, ఆయిల్ కారి కాలే గొట్టం మీద పడుతోంది అన్నాడు. మూత విప్పి కొత్త ప్యాకింగ్ వేస్తే సరిపోతుంది. అక్కడితో అయిపోవాల్సిన పని. కానీ విప్పడం ఎలాగో మావాడు వీడియోల్లో చూశాడు. విప్పినవాళ్ళంతా దానికి రంగు కూడా వేసుకుంటున్నారని కూడా చూశాడు. ఆటోనగర్ వెళ్ళి ప్యాకింగ్ తెచ్చారు, వేడికి తట్టుకునే ఎర్ర స్ప్రే డబ్బా తెచ్చారు.

మొదటి ఆదివారం ఆ మూతని పెట్రోలు గుడ్డతో పైపైన తుడిచి, అరగంటలో రంగు కొట్టేశారు. "కడిగారా?" అని అడిగాను. "తుడిచాం కదే, ఇంక కడిగేదేముంది" అన్నారు. సాయంత్రానికి బిగించేశారు కూడా. పది రోజులు తిరక్కముందే పొక్కులు లేచి, పెనం మీద నుంచి పెసరట్టు లేచినట్టు రేకులు రేకులుగా ఊడొచ్చింది. పెసరట్టయితే బాగా లేచిందని సంతోషించేదాన్ని.

ఇక పంచాయితీ మొదలైంది. డబ్బా డూప్లికేట్ అని ఆయన. గాలిలో తేమ అని వీడు. నేను ఊడిన రేకు ఒకటి తీసుకుని వెనక్కి తిప్పి చూశాను. వెనకంతా నల్లటి జిడ్డు. ఆ రంగు లోహానికి అంటుకోనేలేదు, జిడ్డుకి అంటుకుంది. జిడ్డు వేడికి కదలగానే ఇదీ కదిలింది. తండ్రీకొడుకులకి చూపిస్తే ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఈసారి నువ్వు కడిగిపెట్టు" అన్నారు. చూశారా, తప్పెక్కడో కనిపెట్టినవాళ్ళకే ఆ పని దొరుకుతుంది మన ఇళ్ళల్లో!

సరే అన్నాను. అన్నాక నేను లోపలికెళ్ళి వచ్చేసరికి మావారు సింకు పైపు అడ్డంపడితే పోసే పొడి ప్యాకెట్ చేతిలో పట్టుకుని ఉన్నారు, బక్కెట్లో కలిపి మూత అందులో ముంచుదామని. నా గుండె ఆగినంత పనైంది. ఆ పొడిలో ఉండేది కాస్టిక్ సోడా. అల్యూమినియం మీద పడితే బుసబుసా పొంగుతుంది, సలసలా కాగుతుంది, లోహాన్ని తినేస్తుంది. పైగా అందులోంచి వచ్చే హైడ్రోజన్ మండే వాయువు. "అది అల్యూమినియమని నీకెవరు చెప్పారు?" అన్నారు. ఫ్రిజ్ మీద తిరుపతి నుంచి తెచ్చిన అయస్కాంతం బొమ్మ పీకి మూత మీద పెట్టాను. జారి కింద పడింది. పెళ్ళైన కొత్తలో అల్యూమినియం డేగిసాని బట్టల సోడా నీళ్ళల్లో నానబెట్టి, పొద్దున్నకి బొగ్గులా చేసి, అత్తయ్యగారి చేత చివాట్లు తిన్నదాన్ని నేను. ఆ చదువు నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. మావాడి మెకానికల్ ఇంజనీరింగ్ కాలేజీలో కూడా చెప్పినట్టు లేదు!

వాడికి ఇంకో ఐడియా. ఇసుక కొట్టే షాపుకి పంపితే పది నిమిషాల్లో తెల్లగా వస్తుందిట. మూత తిరగేసి చూపించాను. లోపల ఒక రేకు బిగించి ఉంటుంది, ఆయిల్ చిందకుండా. ఆ రేకు వెనక సందులో ఇసుక దూరితే ఎవరు తీస్తారు? తోటకూర ఎన్ని నీళ్ళల్లో కడిగితే ఇసుక వదుల్తుందో నాకు తెలుసు. ఇక్కడ మిగిలిపోయిన ఇసుక నేరుగా ఇంజన్లోకి రాలుతుంది. తోటకూరలో మిగిలితే పంటి కింద తగులుతుంది, ఇంజన్లో మిగిలితే ఇంజనే పోతుంది.

అప్పుడు కూర్చున్నానండీ. వరండాలో, గ్యాస్ పొయ్యికి దూరంగా, పాత టూత్ బ్రష్షు, కిరసనాయిలు. ఇరవై ఏళ్ళ మడ్డి. మూడుసార్లు కిరసనాయిలు మార్చాను. ఆ తర్వాత వేడినీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్, రెండుసార్లు. రేకు వెనక సందులోకి పోసి, ఊపి, వంచి, నల్లనీళ్ళు ఆగేదాకా మళ్ళీ పోసి. ఎండలో ఆరబెట్టి మధ్యాహ్నం చూస్తే మళ్ళీ సన్నగా చెమట పట్టినట్టు నూనె తేలింది. పోత పోసిన లోహంలో కంటికి కనపడని సందులుంటాయి, అవి తాగిన నూనె వేడికి పైకొస్తుంది. ఆవకాయ కలిపే చెక్క గరిటె ఎంత తోమినా ఎండలో పెడితే మళ్ళీ జిడ్డు తేలుతుంది చూడండి, అచ్చం అలాగే. మళ్ళీ కడిగాను. ఊడకుండా మిగిలిన ఎర్ర మచ్చల్ని వాటర్ పేపర్‌తో రుద్దాను, 220 నంబరు, తర్వాత 400. వేళ్ళ కొసలు అరిగి, మర్నాడు ఫోను నా వేలిముద్ర గుర్తుపట్టలేదు.

కడగడం పూర్తయ్యిందని ఎలా తెలుస్తుంది? మీకందరికీ తెలుసు. నీళ్ళు పోసి చూడాలి. బొట్లు బొట్లుగా విడిపోయి నిలబడితే జిడ్డు ఉన్నట్టు. ఒకే పలచటి పొరలా పరుచుకుని జారితే పోయినట్టు. గిన్నె మీద రోజూ మనం చేసే పరీక్షే. రంగులేసే పనిలో ఉన్నవాళ్ళు కూడా ఇదే పరీక్ష చేస్తారని మావాడు తర్వాత చదివి చెప్పాడు, తనే కనిపెట్టినంత ఆశ్చర్యంగా. ఆ తర్వాత దాన్ని ఉత్త చేత్తో ముట్టుకోనివ్వలేదు నేను. తలకి కొబ్బరినూనె రాసుకున్న చేతులు మనవి.

ప్యాకింగ్ కూర్చునే అంచుకీ, ప్లగ్గులు దిగే రంధ్రాల చుట్టూ రంగు తగలకూడదు. తగిలితే అక్కడి నుంచి మళ్ళీ ఆయిల్ కారుతుంది. టేపు అంటించి బ్లేడుతో అంచు వెంట కోసింది కూడా నేనే. అరిసెల పీట మీద అంచులు సరిచేసిన చెయ్యి కదా, దానికి అదొక లెక్కా.

రంగు వేసిన సమయం, కోటింగులన్నీ కలిపి, పదిహేను నిమిషాలు. డాబా మీద, పొద్దున్నే గాలి లేనప్పుడు, ముందు అల్యూమినియానికి వేసే ప్రైమర్, దాని మీద మూడు పలచటి కోటింగులు. ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. మావాడు బాగా కొట్టాడు. డబ్బా జానెడు పైన దూరంలో పట్టుకుని, ఆపకుండా ఒకే వాటంగా లాగాడు. నేను కొట్టి ఉంటే కన్నీళ్ళు కారినట్టు ధారలు కట్టేది. వాడి పనిని నేను తక్కువ చెయ్యట్లేదు. పదిహేను నిమిషాల పనికి పేరుంది, రెండు రోజుల పనికి "అంతే" ఉంది, నాకు మండింది అక్కడ.

మధ్యలో ఓవెన్ యుద్ధం కూడా జరిగింది. రంగు గట్టిపడాలంటే 93 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉంచాలని డబ్బా మీద ఉందిట. ఇద్దరూ నేను కేకులు చేసే ఓవెన్ వైపు చూశారు. "ఒక్కసారికే కదా" అన్నారు మావారు. ఆ పొగలు పీల్చిన ఓవెన్లో మళ్ళీ తిండి వండకూడదు, ఒక్కసారైనా సరే. పైగా ఆ డబ్బాల్లో రంగుని తోసే గ్యాసు చాలావాటిలో మన వంటగ్యాసు జాతిదే. స్ప్రే కొట్టడం కూడా వంటింటి బాల్కనీలోనే మొదలుపెట్టబోతే డాబా ఎక్కించింది నేను. చివరికి బెజవాడ మే నెల ఎండలో రెండు రోజులు ఆరబెట్టి, బిగించాక ఇంజనుని కాసేపు తిప్పి, చల్లార్చి, మళ్ళీ తిప్పి... ఇంజను వేడికే గట్టిపడింది. నా ఓవెన్ నాకు మిగిలింది. గయ్యాళి అన్న పేరు కూడా మిగిలిందనుకోండి.

"ఇంత చిన్న మాటకి ఇంత రాద్ధాంతమా, ఎవరు కడిగితేనేం, ఇల్లు అందరిదీ కదా" అంటారు కొందరు. ఇల్లు అందరిదీ అయినప్పుడు ఫొటోలో కూడా అందరూ ఉండాలిగా? ఆదివారం బిర్యానీ చేసిన మగాడి పేరు సోమవారం ఆఫీసు దాకా వెళ్తుంది. ఉల్లిపాయలు తరిగిందెవరు, మాంసం కడిగిందెవరు, ఆ తర్వాత అడుగంటిన గిన్నె రుద్దిందెవరు? దీపావళికి గోడలకి సున్నం వేయించారంటారు, సామాన్లు జరిపి బూజు దులిపినవాళ్ళ ఊసుండదు. అంటే మన భాషలో కడగడం, దులపడం, నానబెట్టడం, ఆరబెట్టడం అనేవి పనులు కావు, పనికి ముందు వాటంతటవే జరిగిపోయేవి.

కేంద్ర ప్రభుత్వం 2019లో జనం రోజులో ఏ పనికి ఎంత సేపు పెడుతున్నారో సర్వే చేయించింది. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 2021 జనవరిలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల పరిహారం కేసులో, మన ఉమ్మడి కృష్ణా జిల్లావారే అయిన జస్టిస్ ఎన్.వి. రమణగారు విడిగా తీర్పు రాస్తూ ఈ లెక్కలే చూపించి, ఇల్లాలి పనికీ విలువ కట్టాల్సిందేనన్నారు. చదివి చాలా సంతోషించాను. కాసేపటికి ఇంకోటి తట్టింది. ఆ విలువ లెక్కగట్టే రోజుకి ఆ ఇల్లాలు లేదు. ఏదో ఒక కారు కింద నేను పడితే నా పని ఖరీదు నెలకింతని కోర్టులో మావారి తరఫు లాయరే గట్టిగా వాదిస్తాడు. బతికుండగా, అదే కారు బానెట్ ముందు నిలబడి, మా బావగారికి ఒక్క ముక్క చెప్పడానికి మాత్రం ఈయనకి నోరు రాలేదు.

మావారు చెడ్డవారు కాదు. ఆ మాట అన్నప్పుడు ఆయనకి అన్నట్టే తెలీదు. నా భయం ఆయన గురించి కాదు కూడా. పక్కన ఫొటోలు చూపిస్తూ నిలబడ్డ మావాడు ఆ "అంతే" విని, అవునన్నట్టు తలూపాడు. జిడ్డు అంటిన ఎర్ర రేకు చేత్తో పట్టుకుని చూసినవాడు! వాడికి ఇరవై ఒకటి. రేపు వాడింట్లో ఇంకో పిల్ల కూర్చుని ఏదో కడుగుతూ ఉంటుంది.

ఆ రాత్రి అందరూ వెళ్ళాక ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను, కేకలెయ్యకుండానే. మావాడు తలొంచుకుని "సారీ అమ్మా" అన్నాడు. మావారు "సరదాకన్నానే" అన్నారు. బావగారికి ఫోన్ చేసి చెప్పమన్నాను. "ఇప్పుడా? ఏమని చెప్పను?" అన్నారు. నేనేం మాట్లాడలేదు.

బావగారికి ఆ ఎరుపు ఎంత నచ్చిందంటే, పాత సామాన్ల షాపులో తన కారుకి సరిపోయే ఇంకో కవర్ కొని బుధవారం పంపించారు, రంగు వేసి పెట్టమని. మొదటిదానికంటే మడ్డిగా ఉంది. "ఎప్పుడు కడుగుతావ్?" అని అడిగారు మావారు. టూత్ బ్రష్షు, కిరసనాయిలు సీసా, లిక్విడ్ తెచ్చి ఆ కవర్ పక్కన పెట్టాను. "కడగడమేగా, అంతేగా!" అన్నాను.

వరండాలో పాత పేపర్లో చుట్టి ఉంది. నిన్న రాత్రి మావాడు విప్పి, తిరగేసి, లోపలి రేకు వైపు టార్చ్ వేసి చూసి, మళ్ళీ చుట్టేశాడు. ఫ్రిజ్ మీది తిరుపతి బొమ్మ మాత్రం పొద్దున్న లేచి చూస్తే కనపడలేదు.