బండి ధర షోరూములో తీరిపోదు



బయటి దేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన సంఘ బిడ్డలు తరచుగా నన్ను ఒక ప్రశ్న అడుగుతుంటారు. "అయ్యగారూ, పల్లెల్లో పరిచర్య చేసేవారికి ఒక బండి కొనివ్వాలని ఉంది. ఏది తీసుకుంటే మంచిది?" కొందరు మన జిల్లాల వారి కోసం అడుగుతారు. మరికొందరు కెన్యా, ఉగాండా లాంటి దేశాల్లోని సేవకుల కోసం అడుగుతారు. ఇవ్వాలన్న మనసు మంచిది. అయితే ఏ బండి అన్నది రెండో ప్రశ్న అని నా అభిప్రాయం. మొదట అడగవలసింది వేరే ఉంది. మూడు నెలల తర్వాత ఆ బండికి ఆయిల్ ఎవరు మారుస్తారు? ఏ డబ్బుతో మారుస్తారు? దీనికి జవాబు లేకుండా బండి ఇవ్వకూడదు, కొనకూడదు కూడా.

తూర్పు ఆఫ్రికా సంగతే చూడండి. బజాజ్, టీవీఎస్ అంటే మన ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అక్కడ అవి దిగుమతి బళ్లు. మన దేశంలో తయారై, ఓడ మీద మొంబాసా రేవుకు చేరతాయి. ఉగాండాకు సముద్రం లేదు గనుక రేవు నుంచి ఇంకా లోపలికి పోవాలి. ఒకప్పుడు కవాసాకీ బజాజ్ పేరుతో మన దారుల్లో తిరిగిన బాక్సర్ ఇక్కడ దాదాపు కనుమరుగైంది. అక్కడ మాత్రం 100, 150 సీసీల్లో ఊరూరా కనిపిస్తుంది.

ఆ బళ్లను అక్కడ 'బోడా బోడా' అంటారు. 1960ల్లో కెన్యా, ఉగాండాల మధ్య ఉన్న బుసియా అనే ఊళ్లో సైకిల్ వెనుక మనుషులను ఎక్కించుకుని ఈ సరిహద్దు నుంచి ఆ సరిహద్దుకు చేర్చేవారు. 'బోర్డర్' అన్న ఇంగ్లీషు మాటే జనం నోట పడి 'బోడా' అయింది. తర్వాత సైకిల్ పోయి మోటారు సైకిల్ వచ్చింది. 2008లో కెన్యా ప్రభుత్వం 250 సీసీ లోపు బళ్ల మీద విలువ ఆధారిత పన్ను తీసేశాక అవి ఎక్కడ చూసినా అవే అయ్యాయి. కాన్పుకు వెళ్లే తల్లికీ, సంతకు వెళ్లే అరటి గెలకూ, బడికి వెళ్లే పిల్లలకూ చాలా పల్లెల్లో అదే దిక్కు.

చైనా నుంచి ఇంకా తక్కువ ధరకు బళ్లు వస్తాయి. అయినా బాక్సర్ కావాలనే రైడర్లు అక్కడ చాలామంది. కారణం మనకు అర్థమయ్యేదే. మెకానిక్‌ను స్వాహిలీలో 'ఫుండి' అంటారు. రోడ్డు పక్క చెట్టు కింద కూర్చునే ఫుండికి ఆ ఇంజిన్ చేతికి అలవాటైపోయింది. స్పేర్లు చిన్న ఊళ్లో కూడా దొరుకుతాయి. పాతబడ్డాక అమ్మినా ధర పలుకుతుంది. ఒకటే సిలిండరు, గాలికి చల్లబడే ఇంజిన్, కార్బొరేటర్, కిక్కు. విప్పి చూడడానికి కంప్యూటర్ అక్కర్లేదు. కాబట్టి ఎవరికైనా బండి కొనే ముందు ఆ ఊరికి పది కిలోమీటర్లలో దాన్ని బాగుచేసేవాడు ఉన్నాడా, క్లచ్ కేబుల్ దొరుకుతుందా అని అడగండి. లేకపోతే ఎంత చవక బండి అయినా ఖరీదైనదే.

అయితే సులువుగా బాగయ్యే బండి అంటే పట్టించుకోకపోయినా నడిచే బండి అని కాదు. ఇలాంటి చిన్న ఇంజిన్‌లో ఉండేది సుమారు ఒక లీటరు ఆయిల్. ఆ కొంచెం ఆయిలే ఇంజిన్‌కూ, గేర్లకూ, క్లచ్ ప్లేట్లకూ పనిచేయాలి. కారుకు పోసే ఆయిల్ పోస్తే కొన్నిసార్లు క్లచ్ జారుతుంది. మట్టం తగ్గినా, నల్లబడి పలచబడినా, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు వేడికి పిస్టన్ పట్టేస్తుంది. మన తెలంగాణలో మొరం రోడ్డు అంటాం, అక్కడ కూడా దాన్ని ముర్రం అనే అంటారు. ఆ ఎర్ర దుమ్ము ఎయిర్ ఫిల్టర్ దాటి లోపలికి పోతే రింగులు, బోరు అరిగిపోయి పొగ మొదలవుతుంది. అదే దుమ్ము చైన్ మీద ఆయిల్‌తో కలిసి ఆకురాయిలా స్ప్రాకెట్ పళ్లను తినేస్తుంది. చైన్ వదులైతే ఊడుతుంది, మరీ బిగిస్తే బేరింగులు పోతాయి. వేలితో నొక్కితే రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి. సరైన కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ఇవేవీ పెద్ద విద్యలు కావు. మరి ఎందుకు చేయరు? సోమరితనం అని తీర్పు తీర్చే ముందు బోడా రైడర్ స్థితి చూడాలి. చాలామందికి బండి సొంతం కాదు. యజమానికి రోజూ ఇంత అని కట్టాలి, లేదా అప్పు వాయిదా కట్టాలి. బండి ఒకరోజు షెడ్డులో ఉంటే ఆ రోజు రాబడి లేదు, వాయిదా మాత్రం ఆగదు. గనుక ఆయిల్ వచ్చే వారం చూద్దాం, చైన్ వచ్చే నెల చూద్దాం అనుకుంటాడు. లీటరు ఆయిల్ డబ్బు మిగుల్చుకున్నందుకు చివరికి ఇంజిన్ పని చేయించుకోవలసి వస్తుంది. బీదవాడి చేత ఆ వాయిదా వేయించేది చాలాసార్లు అప్పే. మన ఊళ్లలో బండి మీద కూరగాయలో చీరలో వేసుకుని అమ్మేవారి బాధ కూడా ఇదే.

ఇచ్చేవారి వైపు నుంచి జరిగే పొరపాటుకు ఒక చరిత్ర ఉంది. 1980ల్లో బారీ కోల్మన్ అనే పాత్రికేయుడు, ర్యాండీ మమోలా అనే మోటారు సైకిల్ రేసర్ సోమాలియా వెళ్లారు. అక్కడ ఆరోగ్య కార్యకర్తల కోసం ఇచ్చిన మోటారు సైకిళ్లు మూలన పడి తుప్పు పడుతున్నాయి. బళ్లు ఇచ్చారు గానీ వాటిని చూసుకోవడం ఎవరికీ నేర్పలేదు, అందుకు డబ్బూ పెట్టలేదు. బండి ఆగితే టీకా ఆగుతుంది, మందు ఆగుతుంది. అది చూసి కోల్మన్, ఆయన భార్య ఆండ్రియా, మమోలా కలిసి మొదలుపెట్టిన పనే తర్వాత రైడర్స్ ఫర్ హెల్త్ అనే సంస్థ అయింది. 1990ల్లో లెసోతో వంటి దేశాల్లో వారు చేసింది చాలా మామూలు పని. నడిపేవారికి రోజూ బయలుదేరే ముందు బండి చూసుకోవడం నేర్పారు. ఆగిపోయాక బాగుచేయడం కాదు, ఆగకముందే భాగాలు మార్చడం అలవాటు చేశారు. కిలోమీటరుకు ఎంత ఖర్చో ముందే లెక్కగట్టి ఆ డబ్బు పక్కన పెట్టించారు.

ఈ లెక్క మనమూ వేసుకోవచ్చు. ఉదాహరణకు ఆయిల్ 450 రూపాయలు, 3,000 కిలోమీటర్లకు ఒకసారి మారుస్తాం అనుకుందాం. కిలోమీటరుకు 15 పైసలు. టైర్ల జత 4,000, అది 25,000 కిలోమీటర్లు వస్తే 16 పైసలు. చైన్ సెట్టు 1,500, అది 20,000 వస్తే ఏడెనిమిది పైసలు. బ్రేకులు, ప్లగ్గు, ఫిల్టరు, కేబుళ్లు, కూలీ కలిపి మరో పది పన్నెండు. మొత్తం అర్ధ రూపాయి. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగితే 30 రూపాయలు. మీ ఊరి ధరలు వేసి చూసుకోండి, కొంచెం అటూ ఇటూ అవుతుంది. పెట్రోలు కొట్టించినప్పుడల్లా ఆ డబ్బు ఒక డబ్బాలో వేస్తే చాలు. టైరు అరిగిన రోజున అప్పుకు వెళ్లనక్కర్లేదు.

"దేవుడు ఇచ్చిన బండి, ఆయనే నడిపిస్తాడు" అని కొందరంటారు. మాట భక్తిగానే ఉంటుంది. కానీ సామెతల గ్రంథం 27వ అధ్యాయంలో కాపరికి ఇచ్చిన సలహా గుర్తు చేసుకోండి. తన పశువుల స్థితి తానే దగ్గరుండి చూసుకోవాలన్నదే దాని సారం. ఎద్దుకు మేత వేయకుండా దున్నమనే రైతు మనలో లేడు. బండికి ఆకలేస్తే అరవదు, అంతే తేడా. విశ్వాసం ఉన్నవాడు ప్రార్థన చేసి బయలుదేరతాడు. ప్రార్థనకు ముందు ఒక నిమిషం వంగి ఆయిల్ మట్టం చూడడం అవిశ్వాసం కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. డబ్బు తక్కువైనప్పుడు చాలామంది ఇంజిన్ బాగుచేయించి బ్రేకులు వదిలేస్తారు. ఇంజిన్ ఆగితే మనం ఆగిపోతాం. బ్రేకు ఆగకపోతే తిరిగి ఇంటికి రాం. కంపాలాలోని ములాగో ఆసుపత్రికి బోడా ప్రమాదాల్లో ఎముకలు విరిగినవారు ఎంతోమంది వస్తుంటారు. అక్కడైనా ఇక్కడైనా చిన్న బండి మీద ముగ్గురు నలుగురు ఎక్కితే అదే గతి. ముందు బ్రేకు షూలు, టైర్లు, హెల్మెట్. తర్వాతే ఇంజిన్. మెరిసే స్టిక్కర్లు అన్నిటికంటే చివర.

గనుక బండి ఇవ్వాలనుకునే ప్రియులారా, నా మనవి ఇది. రెండు బళ్లకు సరిపడా డబ్బు మీ దగ్గర ఉంటే ఒక్కటే కొనండి. మిగిలినదానిలో రెండేళ్ల ఆయిల్, టైర్లు, బ్రేకుల ఖర్చు, ఇన్సూరెన్సు, రెండు మంచి హెల్మెట్లు పెట్టండి. తీసుకునే సహోదరుణ్ణి రెండు రోజులు మెకానిక్ దగ్గర కూర్చోబెట్టండి. బండికి పూలదండ వేసి తాళం ఇచ్చేటప్పుడు ఫోటో దిగడంలో తప్పు లేదు. ఏడాది తర్వాత అదే బండికి ఇంకో ఫోటో అడగండి, కిలోమీటర్ల మీటరు కనబడేలా. సొంతంగా కొనుక్కునే యౌవనస్థులకూ ఇదే చెబుతాను. వాయిదాతో పాటు రోజుకు 30 రూపాయలు తీయలేని బండి మీ తాహతుకు మించినది. దానికంటే చిన్నది తీసుకోండి, ఎక్కువ కాలం నడుపుకోండి.

వర్షాలు మొదలయ్యే ముందు ఒకసారి మీ బండి చైన్, వెనుక బ్రేకు చూసుకోండి. మీ ప్రయాణాల్లో క్షేమం కలుగును గాక.